కండక్టరు కాక ముప్పైమంది

నన్ను పెద్దల వార్డుకి మార్చడానికి కారణం ఒక అట్టముక్క. సూపరింటెండెంటు గారి ఆఫీసు తలుపు మీద ఎవరో "కిటికీ లేని చక్కటి గది అద్దెకు ఇవ్వబడును, లోపల విచారించండి" అని రాసి తగిలించారు. ఆ ఎవరో నేనే. లోపలికెళ్ళి విచారించినవాళ్ళు నలుగురు. వాళ్ళలో ఒకాయన జైలుకి కొత్తగా వచ్చిన డాక్టరు. పాపం, ఆయన నిజంగానే ఇల్లు వెతుక్కుంటున్నాడు.

"నీకు అల్లరెక్కువైంది," అన్నారు సూపరింటెండెంటు గారు. ఆయన మూతి చూస్తే నవ్వడానిక్కూడా పై ఆఫీసు నుంచి అనుమతి రావాలన్నట్టు ఉంటుంది. "ముసలాళ్ళ వార్డులో చాకిరీ చెయ్యి. కుదురొస్తుంది. విడుదలయ్యేదాకా అక్కడే ఉండు."

నా విడుదల వానలు వెనకబట్టాక. ఆయన ఆ మాట అంటుండగానే మొదటి వాన మొదలైంది. అంటే వానాకాలం మొత్తం నాకు రాసిపెట్టి ఉందన్నమాట.

హెడ్ వార్డరు నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. ఆయన ఉద్యోగం ఇంకా కొంతకాలం ఉంది గానీ, మోకాళ్ళు మాత్రం ఎప్పుడో రిటైరైపోయాయి. మెట్టు కనిపిస్తే చాలు, ఆగి దాన్ని ఓసారి తిట్టుకుని గానీ ఎక్కడు.

పెద్దల వార్డు జైలు బయటి గోడకి ఆనుకుని ఉన్న పొడవాటి గది. గోడకి అవతల రోడ్డు. బస్సు హారన్లు లోపలికి స్పష్టంగా వినిపిస్తాయి. అటొక వరస, ఇటొక వరస మంచాలు. ఒకప్పుడవి రెండంతస్తుల మంచాలేనట. ఓ తాత పై అంతస్తు ఎక్కి, దిగడం చేతకాక, వారం రోజులు అక్కడే భోంచేసి అక్కడినుంచే అందరికీ సలహాలిచ్చాడట. దాంతో పైవి కోసేశారు. కప్పు ఆరుచోట్ల కారేది. ఏడోది కూడా ఉంది గానీ, అది సరిగ్గా బకెట్ ఉన్నచోటే కారేది కాబట్టి మేం దాన్ని లెక్కలో వెయ్యలేదు. ఆ గదిలో ఉన్నవాళ్ళ వయసులన్నీ కలిపితే చక్రం కనిపెట్టకముందు రోజుల దగ్గర తేలతాం.

"ఎవడ్రా వీడు?" అంది మొదటి మంచం.

మంచం మీద ఒక బక్కపలచటి ముసలాయన ఉన్నాడని కాసేపటికి గానీ కనిపెట్టలేకపోయాను. దర్జీ తాత. బతుకంతా బట్టలు కుట్టిన మనిషి. ఇప్పుడు కుడిచెయ్యి వణుకుతుంది. నాలుక మాత్రం వణకదు.

"కొత్త కుర్రాడు. మీ సాయానికి," అన్నాడు హెడ్ వార్డరు.

"మా సాయానికా? వాడి మొహం చూస్తే వాడికే ఇద్దరు మనుషులు కావాలి. ఏరా కోతీ, గోళ్ళు తియ్యడం వచ్చా?"

"గోడకి కొట్టిన మేకులు తియ్యడం వచ్చు తాతా."

"రెండూ ఒకటే. మా కాలిగోళ్ళు చూశాక నువ్వే అంటావు."

అన్నాను కూడా.

ఆ వారంలో నేను నేర్చుకున్న విద్యలు ఏ కాలేజీలోనూ చెప్పరు. నడుం పట్టేసిన మనిషిని దుప్పటితో సహా పక్కకి తిప్పడం. కట్టుడుపళ్ళు కడిగి ఎవరివి వాళ్ళకి ఇవ్వడం. (మొదటిరోజు ఒకళ్ళవి ఒకళ్ళకిచ్చాను. ఇద్దరూ ఏమీ అనలేదు. అనడానికి పళ్ళు సరిపోలేదు.) మాత్ర మింగాడా, బుగ్గలో దాచాడా చూడటం. పుళ్ళు పడకుండా వీపులకి పౌడరు రాయడం. మొదటి రెండ్రోజులూ ముక్కు మూసుకుని చేశాను. మూడోరోజు రెండు చేతులూ అవసరమై ముక్కు వదిలేశాను. ఇక మళ్ళీ మూసుకోలేదు.

అందరికంటే కష్టం చివరి మంచం తాత. నాకంటే కొన్నాళ్ళ ముందే వేరే వార్డు నుంచి వచ్చాడు. పొడుగ్గా, నిటారుగా ఉంటాడు. మొహంలో కోపం లేదు, విచారం లేదు. మనల్ని చూస్తాడు గానీ మనల్ని కాదు. మరుగుదొడ్డికి తీసుకెళ్దామని చెయ్యి పట్టుకుంటే కసురుకుంటాడు. "డ్యూటీలో ఉన్నాను, కనబడట్లా?" అంటాడు. అన్నం పెట్టినా అదే మాట. ఆ డ్యూటీ ఏమిటో ఎవరికీ తెలీదు. ఫలితం మాత్రం రోజుకి నాలుగుసార్లు నేనే ఉతికేవాణ్ణి. వానాకాలంలో.

దానికంటే పెద్ద చిక్కు లెక్క. జైల్లో సూర్యుడు ఉదయించకపోయినా పర్వాలేదు గానీ లెక్క తప్పకూడదు. గంట కొట్టగానే ప్రతివాడూ తన మంచం దగ్గర నిలబడి తన నంబరు చెప్పాలి. చివరి మంచం తాతకి నంబరు తెలీదు, నిలబడడు. ఒకరోజు వార్డరు కంటే ముందు నడుస్తూ పోయి రెండుసార్లు లెక్కలోకి వచ్చేవాడు. ఇంకోరోజు బకెట్ల వెనక్కి చేరి అసలు వచ్చేవాడే కాదు. ఒక మనిషి తగ్గితే జైలంతా సైరను. మనిషి దొరికేదాకా ఎవరికీ టీ కూడా లేదు.

"ఈ వార్డులో ఇంకోసారి లెక్క తప్పిందంటే ఈయన్ని పెద్ద జైలుకి పంపేస్తారు," అన్నాడు హెడ్ వార్డరు ఓ సాయంత్రం, తలుపు దగ్గర కుర్చీలో మోకాళ్ళు రుద్దుకుంటూ. "కాగితం సూపరింటెండెంటు గారి బల్లమీద ఉంది. సంతకమే తరవాయి. అక్కడ ఒంటరి గదులు. తాళం వేస్తారు. లెక్కకి ఇబ్బంది ఉండదు."

"మరి తినిపించేదెవరు సార్?"

"లెక్కకి ఇబ్బంది ఉండదన్నాను. తిండి సంగతి నేనేమైనా చెప్పానా?"

ఆ ఆదివారం చివరి మంచం తాతని చూడటానికి కూతురొచ్చింది. వార్డు దాటితే బేడీలు వెయ్యాలని రూలు. చిన్న వార్డరు ఒకవైపు తన చేతికి, రెండోవైపు తాత చేతికి తగిలించాడు. నాలుగడుగులు వేశామో లేదో, తాత మణికట్టు సన్నగా ఉండటం వల్ల బేడీ జారి కింద పడింది. తాత వంగి దాన్ని తీసి, చొక్కాకి తుడిచి, చిన్న వార్డరుకి మర్యాదగా అందించాడు.

"బాబూ, మీ ఇంట్లోవాళ్ళ గాజనుకుంటా. జాగ్రత్త చేసుకోండి."

చిన్న వార్డరు థాంక్సండీ అని జేబులో పెట్టుకున్నాడు. ఇంకేం చేస్తాడు?

చూపుల గదిలో ఇనుప జాలీకి అటువైపు ఒక నలభై దాటిన ఆవిడ తడిసిన గొడుగు పట్టుకుని నిలబడింది.

"నాన్నా," అంది.

తాత చాలా మర్యాదగా చూశాడు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళని చూసినట్టు.

"నాన్నా, నేను. నీ కూతుర్ని."

ఊహూఁ. నేను సమయానికి తగ్గ జోకు ఏదైనా వేద్దామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. అప్పుడు బయట రోడ్డు మీద ఒక బస్సు రెండుసార్లు హారను కొట్టింది. తాత నడుం నిటారైంది. ఎడమ చంకలో లేని సంచీ ఒకటి సర్దుకున్నాడు.

"ఎక్కడికమ్మా?"

ఆవిడ ఒక్క క్షణం గొడుగు కొస వైపు చూసింది. "చివరి స్టాపుకండీ."

"అక్కడిదాకా మీరొక్కరే మిగుల్తారు. ముందుకొచ్చి కూర్చోండి, నా సీటు పక్కన."

ఆవిడ జాలీకి దగ్గరగా వచ్చి కూర్చుంది. టైమయ్యేదాకా ఆయన స్టాపులు చెబుతూ పోయాడు. గడియార స్తంభం, బట్టల బజారు, పాల కేంద్రం, చెక్క వంతెన. ఆవిడ ప్రతిదానికీ తలూపింది. లేచి వెళ్ళేముందు నాతో అంది, "స్కూలు వదిలాక నాన్న బస్సే ఎక్కేదాన్ని. చివరి స్టాపులో డ్యూటీ దిగాక ఇద్దరం నడుచుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళం."

"మంచి కండక్టరే అక్కా. నాకు మాత్రం సీటివ్వలేదు చూశారా."

ఆవిడ నవ్వి, నవ్వు ఆపేసింది. "ఆయన చేసింది చిన్న తప్పేం కాదు తమ్ముడూ. నాకు తెలుసు. శిక్ష అనుభవించొద్దని నేననను. కానీ ఎక్కడున్నాడో తెలియని మనిషిని ఒంటరిగా గదిలో పెట్టి తాళం వేస్తే, అది ఎవరికి శిక్ష? పెద్ద జైలు మరీ దూరం. నేను ఇక్కడిదాకా రావడమే గగనం. ఆయన్ని ఇక్కడే ఉండనివ్వాలి. ఆ లెక్కేదో తప్పకుండా చూడు."

"చూస్తానక్కా," అన్నాను.

అబద్ధాలాడటంలో నేను ఆరితేరినవాణ్ణి. మాటివ్వడం మాత్రం అలవాటు లేని పని.

మర్నాడు పొద్దున మా వార్డు బస్సైపోయింది.

నేను తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి, "బస్టాండు! బస్సు పదినిమిషాలాగుతుంది! దిగేవాళ్ళు దిగండి!" అని అరిచాను. చివరి మంచం తాత లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. ఎవరూ చెయ్యి పట్టుకోకుండా, ఎవర్నీ కసరకుండా, నేరుగా మరుగుదొడ్డికి నడిచాడు. తిరిగొచ్చి, రొట్టె టీలో ముంచుకుని తినేసి, "ఎక్కండెక్కండి, టైమైంది," అన్నాడు.

ఆ రోజు నేను ఏమీ ఉతకలేదు. సంతోషం పట్టలేక ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను.

"కండక్టరా!" అన్నాడు దర్జీ తాత. "ఇన్నాళ్ళూ చెప్పడేం? ఒరే కోతీ, నా మంచం ఏ స్టాపు?"

"బట్టల బజారు."

"ఊఁ. అయితే అద్దె పెంచాలి."

రెండ్రోజుల్లో ప్రతి మంచానికీ ఒక స్టాపు పేరొచ్చింది. కప్పు అన్నిటికంటే ఎక్కువ కారేచోటు చెక్క వంతెన. డాక్టరు వచ్చి కూర్చునే బల్ల ఆసుపత్రి. గురకపెట్టే తాతది రైలు గేటు. ఆ పేర్లు కండక్టరు తాతకే కాదు, అందరికీ పనికొచ్చాయి. మనుషులకి మంచం దిగి నడవడానికి ఒక చోటంటూ దొరికింది. పక్షవాతంతో ఆర్నెల్లుగా కదలని పాల కేంద్రం తాత కూడా కుర్చీ పట్టుకుని బట్టల బజారుదాకా వెళ్ళొచ్చాడు. "రేట్లు మండిపోతున్నాయి," అని చెప్పి పడుకున్నాడు.

దర్జీ తాత చిరిగిన దిండుగలీబుతో కండక్టరు సంచీ కుట్టాడు. సూది ఇవ్వడానికి హెడ్ వార్డరు పక్కనే కాపలా కూర్చున్నాడు. దారం నేనెక్కించాను. ఆ కుట్లు చూస్తే బస్సు గతుకుల రోడ్డు మీద పరుగెడుతుండగా కుట్టినట్టున్నాయి. కండక్టరు తాత సంచీ చంకకి తగిలించుకుని చాలాసేపు దాని మూత తీస్తూ వేస్తూ కూర్చున్నాడు. తర్వాత ఉన్నట్టుండి, చాలా మామూలు గొంతుతో, "నేనిక్కడెందుకున్నాను?" అని అడిగాడు.

ఎవడేం చేసి వచ్చాడో అడగడం మా దగ్గర మర్యాద కాదు. ఎవరికి వాళ్ళకి తెలుసు. ఈయనకే తెలీదు.

"డ్యూటీ," అన్నాడు దర్జీ తాత, సూది తిరిగిస్తూ. "నీదీ, నాదీ. ఇంకా కొంచెం ఉంది. పూర్తిచేసి దిగాలి."

కండక్టరు తాత ఆలోచించి, సరే అన్నట్టు తలూపాడు.

ఇక మిగిలింది లెక్క. అది వార్డరు చేస్తే కండక్టరు తాతకి మండిపోయేది. "నా బస్సులో చెకింగు చెయ్యడానికి నువ్వెవడివి?" అని తగువుకెళ్ళేవాడు. కాబట్టి లెక్క ఆయన చేతికే ఇచ్చేశాం. గంట కొట్టగానే అందరూ తమ తమ స్టాపుల్లో నిలబడతారు. లేవలేనివాళ్ళు కూర్చుంటారు. ఆయన ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక్కొక్కరి భుజం తట్టుకుంటూ పోయి, తలుపు దగ్గర కుర్చీలో ఉన్న హెడ్ వార్డరుకి మొత్తం చెబుతాడు. హెడ్ వార్డరుకి మొదట ఇది నచ్చలేదు. ఆ గది పొడవునా నడిచే పని మోకాళ్ళకి తప్పుతుందని తెలిశాక నచ్చింది.

"ముప్పై!" అన్నాడు కండక్టరు తాత మొదటిరోజు.

హెడ్ వార్డరు మొహం పాలిపోయింది. "ముప్పై ఒకటి ఉండాలే?"

మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్పై. నాతో సహా అందరం అక్కడే ఉన్నాం. మేం ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకున్నాం. దర్జీ తాతే ముందు పట్టుకున్నాడు.

"ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంతే వస్తుంది. ఏ కండక్టరైనా తనని తను లెక్కేసుకుంటాడ్రా? ఆయన ప్రయాణికుడు కాదుగా!"

మీరూ లెక్కలో ఒకరే అండీ అని చెప్పి చూశాం. "నాకు టికెట్టేమిటి? స్టాఫ్," అన్నాడాయన, మా అజ్ఞానానికి జాలిపడుతూ. సరే, దానికీ ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఆయన "ముప్పై" అన్నప్పుడు నేను ఆయన వీపు వెనక నిలబడి ఒక వేలు పైకెత్తేవాణ్ణి. హెడ్ వార్డరు ఒకటి కలిపి రాసుకునేవాడు. రోజూ పొద్దునా, మధ్యాహ్నం, రాత్రీ. కప్పు కారుతూనే ఉంది, బస్సు నడుస్తూనే ఉంది, లెక్క ఒక్కసారి తప్పలేదు. ఆదివారాలు కూతురొచ్చి చివరి స్టాపుదాకా వెళ్ళేది. ఒకసారి ఆయన ఆవిడ గొడుగు చూసి, "తడిసిపోతావమ్మా, తొందరగా ఇంటికెళ్ళు," అన్నాడట. ఆ మాటని ఆవిడ వారమంతా దాచుకుని, మరుసటి ఆదివారం నాకు మళ్ళీ చెప్పింది.

అంతా బాగుందనుకున్న రోజున సూపరింటెండెంటు గారు చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చారు.

కుండపోత వాన. నేను స్నానాలగదిలో దర్జీ తాతకి తల రుద్దుతున్నాను. గంట కొట్టాల్సిన టైముకంటే ముందే మోగింది. మోగించింది ఎవరో, వచ్చింది ఎవరో మాకు తెలీదు. కండక్టరు తాతకి గంట గంటే. లేచి, వార్డంతా తిరిగి భుజాలు తట్టి, స్నానాలగది తలుపు తోసి మా ఇద్దరి సబ్బు భుజాలు కూడా తట్టి, వెళ్ళిపోయాడు.

"ముప్పై!" అని వినపడింది. చూపించాల్సిన వేలు దర్జీ తాత చెవిలో నురగ తీస్తోంది.

"ముప్పై ఒకటి కదా?" అది సూపరింటెండెంటు గారి గొంతు. "అసలు ఖైదీ లెక్కపెట్టడమేమిటి? ఒకడు తగ్గాడు. సైరను!"

సైరను మోగితే రూలేమిటంటే అందరూ ఉన్నచోట నేలమీద బోర్లా పడుకోవాలి. ఈ రూలు రాసినాయన మోకాళ్ళు బంగారంలాంటివై ఉండాలి. నేను దర్జీ తాతని తువ్వాల్లో చుట్టి బయటికి తెచ్చేసరికి వార్డంతా స్లో మోషన్‌లో కూలిపోతోంది. ఒకాయన కుడిమోకాలు వంచి, ఎడమమోకాలి అభిప్రాయం కోసం ఎదురుచూస్తున్నాడు. ఒకాయన సగం వంగి అక్కడే ఆగిపోయాడు. పడుకోగలిగినవాళ్ళు, "మళ్ళీ లేపేదెవరు, ముందు అది చెప్పండి," అని నేలమీంచే అడుగుతున్నారు. రైలు గేటు తాత అప్పుడే గురక మొదలెట్టాడు.

హెడ్ వార్డరుకి తగ్గింది ఎవరో తెలుసు. ఎవరూ తగ్గలేదని తెలుసు. కానీ చెబితే, ఇన్నాళ్ళూ ఖైదీ చేత లెక్క చేయించి తను కుర్చీలో కూర్చున్నాడని బయటపడుతుంది. ఉద్యోగం చివర్లో ఉన్న మనిషి. చెప్పకపోతే కండక్టరు తాత పెద్ద జైలుకి. ఆయన ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి మోకాళ్ళ మీద కూర్చుని మంచాల కింద వెతకడం మొదలెట్టాడు. రెండో మంచం దగ్గర ఆగిపోయాడు.

"ఏమైంది?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"ఏం లేదు సార్. జాగ్రత్తగా చూస్తున్నాను."

మేం చూస్తుండగానే చెమటలు పట్టాయి ఆయనకి. లేవలేకపోతున్నాడు. మంచం కోడు పట్టుకున్నాడు, జారింది. బూట్లు నేలమీద ఊరికే గీరుకుంటున్నాయి.

నేనూ, తువ్వాల్లో ఉన్న దర్జీ తాతా కాక, వార్డు మొత్తంలో నిటారుగా నిలబడి ఉన్న ఖైదీ ఒక్క కండక్టరు తాతే. ఆయన ఈ గొడవంతా చూసి, జనం మీదుగా అడుగులేసుకుంటూ వచ్చి, హెడ్ వార్డరు చంకల కింద చేతులు పెట్టాడు. వాన చప్పుడులో కూడా ఆ మోకాళ్ళ చప్పుడు నాకు వినిపించింది. లేపి నిలబెట్టి, నావైపు తిరిగాడు.

"ఏయ్ కుర్రాడా, చూస్తావేం? పెద్దాయనకి సీటివ్వు. నిలబడలేకపోతున్నాడు."

నేను మంచం మీది తడి తువ్వాళ్ళు తీసేశాను. హెడ్ వార్డరు కూర్చున్నాడు. కండక్టరు తాత ఆయన టోపీ నేలమీంచి తీసి, చొక్కాకి తుడిచి, ఒళ్ళో పెట్టాడు.

"మీ స్టాపొచ్చినప్పుడు నేను చెప్తాలెండి. పడుకోండి కాసేపు."

హెడ్ వార్డరు టోపీ వైపు చూస్తూ కూర్చున్నాడు. పెట్టుకోలేదు.

"సార్," అన్నాడు చివరికి. "సైరను ఆపించండి. ఎవరూ తగ్గలేదు. ఈయన తనని తను లెక్కేసుకోడు. రోజూ నేను ఒకటి కలిపేవాణ్ణి. ఇవాళ కలపలేదు. లెక్క ఈయన తప్పలేదు సార్, నేను తప్పాను."

సూపరింటెండెంటు గారు కండక్టరు తాత వైపు తిరిగారు. "ఎవరు నువ్వు?"

"కండక్టర్నండీ. మీరెక్కడికి?"

నేను ఊపిరి బిగపట్టాను. నేలమీద పడుకున్నవాళ్ళు ఎలాగూ బిగపట్టే ఉన్నారు.

సూపరింటెండెంటు గారు చాలాసేపు ఆలోచించారు. బహుశా పై ఆఫీసుకి వెళ్ళొచ్చారేమో మనసులో. "ఆఫీసుకి," అన్నారు.

"ఆఫీసుకి ఈ బస్సు వెళ్ళదండీ. తలుపు దగ్గర దిగి నడిచెళ్ళిపోండి. గొడుగుందా?"

ఆయన తలుపు దగ్గర దిగి నడిచెళ్ళిపోయారు. గొడుగు ఉంది గానీ వెయ్యడం మర్చిపోయారు.

పడుకున్నవాళ్ళందర్నీ నేలమీంచి లేపడానికి మధ్యాహ్నం దాటింది. ఇద్దరు మాత్రం, ఎలాగూ రాత్రికి పడుకోవాలిగా అని, అక్కడే ఉండిపోయారు.

రెండ్రోజులు ఏ కబురూ లేదు. కండక్టరు తాత బట్టలు మూటకట్టమంటారేమోనని తలుపు చప్పుడైతే చాలు లేచి తొంగిచూసేవాణ్ణి. దర్జీ తాత నన్ను తిట్టడం కూడా మానేశాడు. అంత భయం ఆ వార్డులో నేనెప్పుడూ చూడలేదు. మూడోరోజు హెడ్ వార్డరు వచ్చాడు. వెనకాలే రంగుడబ్బాతో పెయింటరు. వార్డు తలుపు పక్కన ఖైదీల సంఖ్య రాసే నల్లబల్ల ఉంది. పెయింటరు దానిమీద 31ని 30గా దిద్ది, పక్కన కొంచెం ఖాళీ వదిలి, తెల్లరంగుతో అందంగా "+ 1" అని రాసి వెళ్ళిపోయాడు.

"సార్, మరి పెద్ద జైలు కాగితం?" అన్నాను.

"తడిసిపోయిందట. కిటికీలోంచి జల్లు కొట్టి," అన్నాడు హెడ్ వార్డరు, ఎటో చూస్తూ.

సూపరింటెండెంటు గారి గదికి కిటికీ లేదని ఈ జైల్లో నాకంటే బాగా ఎవరికి తెలుసు? బోర్డు రాసినవాణ్ణి. బతుకులో మొదటిసారి, నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను.

హెడ్ వార్డరుకి ఒక నెల జీతంలో కోతపడింది. దాంతోపాటు కుర్చీకి ఒక మెత్త కూడా వచ్చింది. రెండూ ఒకే సంతకంతో.

వానలు వెనకబట్టాయి. బకెట్లు ఖాళీగా బోర్లించి పెట్టుకున్నాం. నా విడుదల రోజొచ్చింది. నా స్థానంలోకి కొత్తగా ఒకతను వచ్చాడు. పక్కకి తిరిగితే గానీ తలుపులో పట్టని మనిషి. అతన్ని చూసి చిన్న వార్డర్లు కూడా పక్కకి తప్పుకునేవాళ్ళు. దర్జీ తాత అతన్ని ఎగాదిగా చూసి, "ఏరా చీమా, గోళ్ళు తియ్యడం వచ్చా?" అన్నాడు. చీమ తల వంచుకుని, నేర్చుకుంటానండీ అన్నాడు. ఎవరికి చెయ్యి పట్టుకోవాలో, ఎవరి మాత్ర ఏ బుగ్గలో ఉంటుందో అతనికి నాలుగు రోజులు చూపించాను. పొద్దున్నే "బస్టాండు" అని అరవడం మాత్రం సరిగ్గా రాలేదు. మొహమాటపడుతున్నాడు.

నేను మూట సర్దుకుని కూడా అక్కడే తచ్చాడుతున్నాను. తువ్వాళ్ళు మడతపెట్టాను. మడతపెట్టినవి విప్పి మళ్ళీ పెట్టాను. "ఈ పూటకి లెక్క చూసి వెళ్తాను సార్," అన్నాను హెడ్ వార్డరుతో.

"విడుదలైనవాడు లోపలుంటే లెక్క ఎక్కువొస్తుందిరా. దానికీ సైరనే," అన్నాడాయన.

కండక్టరు తాత సంచీ సర్దుకుంటూ నా దగ్గరకొచ్చాడు. "ఎక్కడికి?"

"చివరి స్టాపుదాకా తాతా."

"నువ్వా?" నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. నా మూట చూశాడు. "నీ టికెట్టు ఇక్కడిదాకానే. దిగు."

"ఇంకో రెండు స్టాపులే కదా..."

"నా సర్వీసులో టికెట్టు దాటి ఒక్కణ్ణి తీసుకెళ్ళలేదు. దిగు బాబూ, వెనక జనం ఎక్కాలి." భుజం తట్టాడు. లెక్కపెట్టేటప్పుడు తట్టినట్టే, ఒక్కసారి. "చూసుకుని దిగు. కుడివైపు బళ్ళొస్తాయి."

దర్జీ తాత అటు గోడవైపు తిరిగి పడుకున్నాడు. "పోరా కోతీ," అన్నాడు గోడతో. "మళ్ళీ వచ్చావంటే కాళ్ళు విరగ్గొడతా. ఆదివారాలు తప్ప."

కండక్టరు తాత తలుపు మీద రెండు దెబ్బలు కొట్టాడు. "రైట్! రైట్!"

గేట్లు ఒక్కొక్కటే దాటి బయటపడ్డాను. గోడ పక్కనే నడుచుకుంటూ మా వార్డు ఉండేచోటికి వచ్చేసరికి లోపల గంట కొట్టారు. ఆగిపోయాను. భుజాలు తట్టడం వినపడదు గానీ, ఎవరి దగ్గరున్నాడో నాకు తెలుస్తూనే ఉంది. బట్టల బజారు. పాల కేంద్రం. చెక్క వంతెన. రైలు గేటు.

"ముప్పై!"

నేను దిగిపోయినా బస్సులో జనం తగ్గలేదు. ఆ వెంటనే ఏమీ వినిపించలేదు. చీమ మర్చిపోయాడేమో, మొహమాటపడుతున్నాడేమో అని, గోడకి ఇవతల, రోడ్డు పక్కన, నాకు తెలీకుండానే నేను వేలు పైకెత్తాను.

"ప్లస్ ఒకటి," అని లోపల్నుంచి హెడ్ వార్డరు గొంతు.

నా ముందు కీచుమంటూ బస్సొకటి వచ్చి ఆగింది.

"వేలెత్తి ఆపి, చూస్తూ నిలబడతావేంటయ్యా!" అని కేకేశాడు కండక్టరు. "ఎక్కు! ఎక్కడికి?"

ఎక్కడికో నాకూ తెలీదు. ఎక్కాను.